ఎర్ర బుగ్గ వెలిగితే ఆపుడే: మా ఇంటి కారు డైరీ

ఏప్రిల్ 6, ఆదివారం

కారు ఇవ్వాళ మెకానిక్ షెడ్డు నుంచి ఇంటికొచ్చింది. పదహారు రోజులు అక్కడే ఉంది. బిల్లు 41,600 రూపాయలు. ఇంజన్ హీటెక్కి దాని పైమూత (హెడ్) బెండ్ అయితే లేత్ షాపులో ఫేసింగ్ కొట్టి చదును చేయించారు. హెడ్ గ్యాస్కెట్, అంటే నీళ్లు, ఆయిల్ కలవకుండా ఆ మూత కింద పెట్టే పలక, కొత్తది వేశారు. నీళ్లు కలిసి ఆయిల్ మొత్తం పాల కాఫీలా అయింది. దాన్ని తీసేసి కొత్తది పోసి, కాసేపు నడిపి, అదీ తీసేసి మళ్లీ పోశారు. ఇంతకీ మొదట పాడైంది ఇంజన్ నీళ్లను చల్లబరిచే రేడియేటర్ కింది హోస్ పైపు. క్లిప్పు దగ్గర వేలెడు చీలిక. కొన్ని వందల రూపాయల రబ్బరు పైపు.

మార్చి 20న తమ్ముడు, మరదలు, అమ్మ కలిసి పాలమూరులో ఉండే మా చెల్లె ఇంటికి బయలుదేరారు. నల్లగొండ నుంచి కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి, కల్వకుర్తి, జడ్చర్ల. మాకు అలవాటైన దారే. డిండి దాటాక డయల్ మీద ఇంజన్ వేడిని చెప్పే ఎర్ర లైటు (అమ్మ మాటలో బుగ్గ) వెలిగింది. తమ్ముడు చూశాడు. కల్వకుర్తి పోయినంక మెకానిక్‌కు చూపిద్దామని అట్లాగే పోనిచ్చాడు. కాసేపటికి లైటు ఆరిపోయింది. "ఆరిపోయిందన్నా, అందుకే పర్లేదనుకున్న" అన్నాడు నాతో.

షెడ్డులో మేస్త్రీ చెప్పేదాకా ఆ మాట వెనక సంగతి నాకూ తెలియదు. వేడిని చెప్పే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్లన్నీ కారిపోతే అది ఖాళీలో మిగిలిపోతుంది. లోపల ఇనుము మండిపోతున్నా దానికి అంత వేడి తగలదు. అంటే ఆ లైటు ఆరింది బాగుపడి కాదు, లోపల చుక్క నీళ్లు మిగలక. అక్కడి నుంచి పదకొండు కిలోమీటర్లు నడిచి బండి తనంతట తానే ఆగిపోయింది. అమ్మ ఆ ఎండలో రెండు గంటలు చింతచెట్టు కింద కూర్చుంది. డబ్బు కన్నా నాకు అదే ఎక్కువ బాధ.

ఇవ్వాళ అన్నం తింటుంటే ఇంకో సంగతి బయటపడింది. ఆ లైటును ముందుగా చూసింది అమ్మేనట, ముందు సీట్లో కూర్చుంది కదా. "మరి వానికెందుకు చెప్పలేదమ్మా?" అంటే, "నడిపేటోనికి తెల్వదా బిడ్డా, నేనేం చెప్పాలె?" అంది.

నాకు మోటార్ వైండింగ్ షాపుంది. ఎండాకాలం వచ్చిందంటే కాలిపోయిన బోరు మోటర్లు వరసగా వస్తాయి. ఓవర్‌లోడ్ పడి స్టార్టర్ ట్రిప్ అయితే ఎందుకు పడిందో చూడరు, మళ్లీ పడకుండా పుల్ల పెట్టి నిలబెడతారు. సాయంత్రానికి కాయిల్ మాడుతుంది. ఇరవై ఏళ్లుగా రైతులకు ఇదే మాట చెబుతున్నాను. నా ఇంట్లోవాళ్లకు మాత్రం కారు గురించి ఒక్కనాడూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఈ ఎండాకాలం ముగిసేలోపు ఇంట్లో అందరికీ నేర్పాలి. నడిపేవాళ్లకే కాదు, పక్కన కూర్చునేవాళ్లకు కూడా.

ఏప్రిల్ 9

రాత్రి వాకిట్లో కారు దగ్గర అందరినీ నిలబెట్టాను. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఆపాను. డయల్ మీద లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. ఫోన్‌తో ఫోటో తీశాను. స్టార్ట్ చేస్తే ఒక్కొక్కటే ఆరిపోయాయి, నీలం లైటు ఒక్కటి మిగిలింది. అలా వెలిగి ఆరడం లైటు పనిచేస్తోందనడానికి గుర్తు. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే అది ఇంకా ప్రమాదం, రేపు నిజంగా అవసరమైనప్పుడు కూడా వెలగదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇన్నాళ్లూ తాళం ఒకే ఊపులో తిప్పేస్తున్నారు. ఇకమీదట తిప్పి, ఆగి, చూసి, అప్పుడు స్టార్ట్ చేయాలి.

మాది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు. ఇంజన్ వేడి చూపించే ముల్లు దీనికి లేదు. చల్లగా ఉంటే నీలం, మితిమీరి వేడెక్కితే ఎర్ర, మధ్యలో ఏమీ ఉండదు. ముల్లున్న బండిలో అయితే అది పైకి పాకడం ముందే కనిపిస్తుంది. మా బండిలో ఎర్రది వెలిగిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు లెక్క.

ఏప్రిల్ 16

మొదటి ప్రయత్నం ఫెయిల్. పద్నాలుగు గుర్తులు, పక్కన పేర్లు, ఏం చేయాలో రాసి ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. వారం తర్వాత అడిగితే మా ఆవిడ ఐదు చెప్పింది, తమ్ముడు ఆరు. అమ్మ చదవనే లేదు. బిడ్డ ఇంటర్ సెకండియర్, తను అన్నీ చెప్పింది. కానీ తను బండి నడపదు.

చార్ట్ తీసేశాను. రోడ్డు మీద పోయేటప్పుడు పద్నాలుగు గుర్తులు ఎవరికి గుర్తొస్తాయి? ఇంజన్‌కు సంబంధించినవి నాలుగే పెట్టుకున్నాను. పేర్లు పెట్టే పని అమ్మకు అప్పగించాను. మా దిక్కు పెద్దవాళ్లు బల్బును బుగ్గ అంటారు, అమ్మకు డయల్ మీద లైట్లన్నీ బుగ్గలే. ఆయిల్ గుర్తు చూసి "ఇది కొమ్ముచెంబు" అంది. అచ్చం అలాగే ఉంటుంది, కొమ్ము చివర చుక్క కూడా. టెంపరేచర్ గుర్తు "నీళ్లల్ల నిలబెట్టిన తాళంచెవి". బ్యాటరీ గుర్తు "డబ్బా". చెక్ ఇంజన్ గుర్తుకు మాత్రం పేరు నేను పెట్టాను, "మోటరు బొమ్మ". మోటరూ పంపూ ఒకటిగా ఉండే మోనోబ్లాక్ మోటర్‌ను పక్క నుంచి చూస్తే అట్లాగే ఉంటుంది.

మొదటి మూడూ ఎర్రవి, వెలిగితే ఆపాలి. మోటరు బొమ్మ పసుపుది. నిలకడగా వెలిగితే పని చూసుకుని ఒకటి రెండు రోజుల్లో షెడ్డుకు తీసుకుపోవచ్చు. వెలుగుతూ ఆరుతూ కొట్టుకుంటుంటే ఆపాలి. ఇంతే.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇవ్వాళ పాఠం చెప్పింది నేను కాదు, నాయిన.

బత్తాయి తోటకు పోయాం. ఎర్ర లైట్లలో నీళ్ల వేడిది, ఆయిల్‌ది ఉన్నాయి కదా, ఆ రెండింటిలో ఏది ఎక్కువ తొందర అని తమ్ముడు అడిగాడు. నేను చెప్పబోతుంటే నాయిన అందుకున్నాడు. బోర్లు రాకముందు మా బావి మీద ఆయిలింజను ఉండేది. పంపు ఎత్తిపోసే నీళ్లలోంచే ఒక సన్నటి పైపు తీసి ఇంజన్ చుట్టూ తిప్పేవాళ్లు. అటు చివర నుంచి ఆ నీళ్లు ధారగా పడుతుండేవి. "పొద్దుగాల స్టార్ట్ చేసినంక నేను సూసేది గా ధారనే. యేలు వెడితే ఓర్సుకునేటట్టుంటే మంచిగున్నట్టు. సురుక్కుమంటే నీళ్లు తగ్గినయన్నట్టు. ధార ఆగిందంటే ఉరికి ఆపుడే" అన్నాడు. ఒకసారి బావిలో పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్‌కు ఆకులు అడ్డం పడి ధార ఆగిపోయిందట. నాయిన గట్టు మీద సద్ది తింటున్నాడు. ధార కనిపించలేదు, ఇంజన్ గొంతు మారడం వినిపించింది. చేయి కూడా కడుక్కోకుండా ఉరికాడట.

"నీళ్లు తక్కువైతే ఇంజన్ నీకు కొంచెం టైమిస్తది. ఆయిల్ లేకపోతే ఇయ్యదు" అన్నాడు. ఆయిల్ ప్రెషర్ గురించి నేను పది నిమిషాలు చెప్పాలనుకున్నది ఈ ఒక్క మాటలో వచ్చేసింది. కొమ్ముచెంబు వెలిగిందంటే ఆయిల్ కొద్దిగా తగ్గిందని కాదు, ప్రెషర్ పోయిందని. ఇంజన్‌లో తిరిగే ఇరుసు (క్రాంక్)కు, బేరింగులకు మధ్య ఉండాల్సిన ఆయిల్ పొర ఉండదు, ఇనుము మీద ఇనుము తిరుగుతుంది. ఇంజన్ సీజ్ కావడానికి, అంటే బిగుసుకుపోవడానికి, ఒకటి రెండు నిమిషాలు చాలు. నీళ్లు లేని బోరులో మోటర్ నడవడంతో పోల్చి చెబితే తమ్ముడికి వెంటనే అర్థమైంది, పోయిన ఏడు వాడు అట్లాగే ఒక మోటర్ కాల్చుకున్నాడు.

కారు డయల్ మీద ఏమున్నాయో నాయిన ఎప్పుడూ చూడలేదు. కానీ ముందు సీట్లో కూర్చుంటే ఇంజన్ శబ్దం మారిందని అందరికన్నా ముందు చెప్పేది ఆయనే. ఇన్నాళ్లూ మేము "రోడ్డు బాగలేదు నాయినా" అని తీసేసేవాళ్లం.

ఏప్రిల్ 23

ఇది రాయడం కష్టంగా ఉంది, కానీ రాయాలి.

మా ఆవిడ మిర్యాలగూడలో టీచర్. వారంలో రెండు మూడు రోజులు కారు తీసుకుపోతుంది. గుర్తులన్నీ తెలిసినా, "నిజంగా వెలిగితే ఆపుతావా?" అంటే వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపాగి అడిగింది: "రెండేండ్ల కింద తిప్పర్తి దగ్గర పసుపు లైటు వచ్చిందని ఫోన్ చేసిన, గుర్తుందా? మీరేమన్నరు?"

గుర్తుంది. షాపులో పని మీద ఉన్నాను. "ఏం కాదు, మెల్లగా తీసుకురా" అన్నాను.

"అప్పటి నుంచి నేను ఫోన్ చేయలేదు. తర్వాత కూడా రెండుసార్లు వెలిగింది. మీరు ఎట్లనన్నా గదే అంటరు గదా అని."

తమ్ముడిని విడిగా అడిగాను. వాడి జవాబు వేరే. "ఎండల అమ్మను రోడ్డు మీద నిలబెడితే నువ్వేమంటవో అని భయమయిందన్నా. కల్వకుర్తి దాకా పోతే సాలనుకున్న." తాళంచెవి గుర్తుకు అర్థం వాడికి ఆరోజే తెలుసు. తెలియక కాదు పోనిచ్చింది.

అంటే నేను ఇన్ని రోజులూ తప్పు పాఠం చెబుతున్నాను. లైటు గుర్తుపట్టడం చిన్న పని. ఆపడమే పెద్ద పని. వెనక ఎవరో హారన్ కొడుతుంటారు, పెళ్లికి టైమవుతుంటుంది, ఇంటికి ఫోన్ చేస్తే ఏం మాట పడాలో తెలియదు. బండేమో ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆ నిమిషంలో మనిషికి కావలసింది, ఆపినా ఎవరూ ఏమీ అనరన్న ధైర్యం.

రాత్రి ఒక కాగితం మీద నా చేత్తో రాసి, సంతకం పెట్టి, గ్లవ్ బాక్స్‌లో పెట్టాను. "బండి ఆపినందుకు ఎవరినీ ఒక్క మాట అనను. ఆపింది ఊరికే అయినా అనను. ఎంత దూరమైనా నేనొస్తాను. టోయింగ్ డబ్బు నాది." కింద ఇన్సూరెన్స్ వాళ్ల రోడ్డు సాయం నంబరు, జాతీయ రహదారి మీదైతే 1033, ప్రమాదమైతే 112.

ఏప్రిల్ 27, ఆదివారం

ప్రాక్టీసుకు సామాను తయారు చేశాను. ఒక ఎర్ర ఎల్ఈడీ, ఒక పసుపు ఎల్ఈడీ, ఒక్కోదానికి 150 ఓమ్స్ రెసిస్టర్, మూడు పెన్సిల్ సెల్స్, రెండు మీటర్ల వైరు, రెండు కాలింగ్ బెల్ స్విచ్‌లు. ఎల్ఈడీలను డయల్ అంచుకు టేపుతో అంటించాను. స్విచ్‌లు పట్టుకుని వెనక సీట్లో నేను.

పొద్దున ఆరు గంటలకు చెర్వుగట్టు వైపు బయలుదేరాం. రద్దీ లేని చోట హఠాత్తుగా ఎర్రది వెలిగిస్తాను. వెలిగిన దగ్గర నుంచి బండి పక్కకు ఆగి ఇంజన్ ఆఫ్ అయ్యేదాకా బిడ్డ ఫోన్‌లో సెకన్లు లెక్కపెడుతుంది. తమ్ముడికి మొదటిసారి 110 సెకన్లు పట్టింది, అందులో 70 సెకన్లు అసలు చూడనే లేదు. మా ఆవిడ 15 సెకన్లలో చూసింది, కానీ "ఆపాలా?" అని వెనక్కి తిరిగి నన్నడిగింది. నేను జవాబు చెప్పలేదు. రోడ్డు మీద నేను వెనక సీట్లో ఉండను కదా. తనే ఆపింది, మొత్తం 48 సెకన్లు.

తొందరలో తమ్ముడు ఒక పొరపాటు చేశాడు. బండి ఇంకా దొర్లుతుండగానే తాళం తిప్పేశాడు. స్టీరింగ్ బిగుసుకుపోయింది. బ్రేకు కూడా రెండు మూడు తొక్కుళ్ల తర్వాత రాయిలా అవుతుంది, ఎందుకంటే ఆ రెండింటికీ బలమిచ్చేది నడుస్తున్న ఇంజనే. కాబట్టి వరస ఇది: ఏసీ ఆఫ్, ఎడమ ఇండికేటర్, రోడ్డు దిగడం, పూర్తిగా ఆగడం, అప్పుడు తాళం, హ్యాండ్‌బ్రేకు, హజార్డ్ లైట్లు. ఇది ఎనిమిదిసార్లు చేయించాను. చివరికి ఇద్దరూ 20 సెకన్ల లోపు వచ్చారు.

వెంటనే ఆపడానికి చోటే లేకపోతే, వంతెన మీద ఉంటే? వేడి లైటు అయితే ఏసీ ఆపి హీటర్ ఫుల్ పెట్టి, కిటికీలు దించి, మెల్లగా అవతలికి చేరొచ్చు. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత లాగుతుంది. చోటు దొరికేదాకా మాత్రమే. "ఈ ఎండల హీటరా!" అంది అమ్మ. ఒక నిమిషం పెట్టి చూపించాను. అందరికీ చెమటలు కారాయి, కానీ మర్చిపోరు.

ఆపిన తర్వాతి సంగతి మీద నేను చాలా గట్టిగా ఉన్నాను. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల నీళ్లు ప్రెషర్‌లో ఉంటాయి కాబట్టి నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన మరుక్షణం అవన్నీ ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. కుక్కర్ విజిల్ పోకముందే మూత తీస్తామా? కనీసం ముప్పావు గంట ఆగాలి. ఎర్రగా కాలిన ఇంజన్ మీద చల్లని నీళ్లు కుమ్మరించడం కూడా వద్దు, హెడ్ పగులుతుంది.

మే 4, ఆదివారం

మధ్యాహ్నం మూడింటికి ప్రాక్టీస్. కావాలనే ఎండలో పెట్టాను. తమ్ముడు మళ్లీ ఒక నిమిషం దాకా చూడలేదు. తప్పు వాడిది కాదు, వెనక నుంచి ఎండ డయల్ మీద పడితే అసలు లైటు కూడా కనిపించదని నేనే కూర్చుని చూసి తెలుసుకున్నాను. మా బండిలో ఈ లైట్లకు బీప్ శబ్దం కూడా లేదు.

దీనికి ఉపాయం బిడ్డ చెప్పింది. "డాడీ, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒకసారి డయల్ చూస్తే?" మన ఊళ్ల రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లకు కొదవ లేదు. బండి ఎలాగూ మెల్లగవుతుంది, కన్ను కిందికి దించితే చాలు. ఇదే రూలు.

మే 11

ఆయిల్ గేజ్ చూసే పని బిడ్డది. పొద్దున చల్లటి ఇంజన్ మీద, చదునైన చోట, పుల్ల తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. రెండు గీతల మధ్య ఉండాలి. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల) డబ్బా కూడా తనే చూస్తుంది. క్యాలెండర్ మీద తేదీ పక్కన రాస్తోంది.

మే 19, సోమవారం

సాయంత్రం 4:40కి మా ఆవిడ ఫోన్. "తిప్పర్తి దాటిన. లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే బండి వణికింది. మోటరు బొమ్మ కొట్టుకుంటున్నది. పక్కకు ఆపి ఆఫ్ చేసిన."

బెంచీ మీద సగం చుట్టిన స్టేటర్ ఉంది, రైతు ఎదురుగా నిలబడి ఉన్నాడు. "మెల్లగా తీసుకురా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "మంచిగ చేసినవ్. నీడల నిలబడు, వస్తున్న" అని బైక్ తీశాను.

పసుపు లైటు కొట్టుకోవడమంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా బయటికి పోతోందని. ఆ పచ్చి పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పడి అక్కడ మండుతుంది. కన్వర్టర్ కరిగిపోతే ఖర్చు వేలల్లో ఉంటుంది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు పెట్టుకునే బ్లూటూత్ స్కానర్ ఈమధ్యే కొన్నాను, వెయ్యి రూపాయల లోపే. పెడితే పి0302 అని వచ్చింది, అంటే రెండో సిలిండర్ మిస్‌ఫైర్. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ ఒక్కో సిలిండర్‌కు ఒకటి ఉంటుంది. రెండో కాయిల్ తీసి మూడో దానికి, మూడోది రెండో దానికి మార్చాను. కోడ్ చెరిపి అక్కడే నిలబెట్టి ఒక్క నిమిషం స్టార్ట్ చేస్తే ఈసారి పి0303. కాయిల్‌తో పాటే జబ్బూ మూడో సిలిండర్‌కు మారింది. ప్లగ్గు కాదు, ఇంజెక్టర్ కాదు, ఆ కాయిలే పోయింది. నల్లగొండకు పోయి కొత్త కాయిల్ తెచ్చి అక్కడే రోడ్డు పక్కన బిగించాను. 1,750 రూపాయలు.

ఇంటికి వస్తుంటే కారు తనే నడిపింది, నేను వెనక బైక్ మీద. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర తన తల ఒక్క క్షణం కిందికి వంగడం అద్దంలోంచి కనిపించింది.

మే 25, ఆదివారం

తమ్ముడు, మరదలు, అమ్మ మళ్లీ పాలమూరుకు పోయారు, అదే దారి. తమ్ముడు కొంచెం టెన్షన్‌గానే ఉన్నాడు. అమ్మ ముందు సీట్లో కూర్చుంది. తమ్ముడు స్టార్ట్ చేసి గేరు వేయబోతే చేయి అడ్డం పెట్టింది. "ఆగు. నీలం బుగ్గ ఇంకా ఉన్నది." నిజానికి అది ఆరేదాకా నిలబడక్కర్లేదు, ఇంజన్‌ను గట్టిగా రెయిజ్ చేయకుండా మెల్లగా పోతే చాలు. నేను ఆ మాట అనలేదు. ఆరింది. "ఇగ పో" అంది.

పదకొండున్నరకు తమ్ముడి ఫోన్. డిండి దగ్గర చాయ్ తాగి బయలుదేరిన కాసేపటికి అమ్మ బండి ఆపించిందట. ఎర్ర బుగ్గ కనపడిందని. మేము నేర్చుకున్న నాలుగింటిలో అది లేదు. గుండ్రటి గీతలో ఆశ్చర్యార్థకం గుర్తు. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించలేదు, అంతే. దించితే ఆరిపోయింది. తమ్ముడి గొంతులో చిరాకు లేదు. ఫోన్ అమ్మకిచ్చాడు.

"ఊరికెనే ఆపిచ్చిన్నా బిడ్డా?"

"లేదమ్మా. అట్లనే పోతే ఎనక బ్రేకులు కాలేవి. మంచిగ చేసినవ్."

అదే బుగ్గ బ్రేక్ ఆయిల్ తగ్గినా వెలుగుతుంది. హ్యాండ్‌బ్రేకు దించినా ఆరకపోతే బండి కదపకూడదు. ఇంత ముఖ్యమైనదాన్ని ఇంజన్‌ది కాదని నేను పక్కన పెట్టేశాను. వాళ్లు తిరిగి రాగానే ఐదో బుగ్గ పాఠం. పేరు అమ్మనే పెట్టమనాలి.